మా అమ్మ మేస్త్రిగిరీ, నా క్రెడిట్ కార్డు

ఇప్పుడైతే కూరగాయల బండి ముందు కూడా ఫోను చాపి డబ్బులు కట్టేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో మా నాగర్‌కర్నూల్‌లో క్రెడిట్ కార్డు అంటే అదేదో కొత్త రకం రేషన్ కార్డు అనుకునేవాళ్లే ఎక్కువ. సెల్‌ఫోన్లో ఇన్‌కమింగ్ ఉచితమై, ఔట్‌గోయింగ్ మాత్రం ఇంకా గుండె దడగానే ఉన్న కాలం అది. నాకు ఇరవై ఐదేళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌ని. నెలకు నాలుగు వేల అయిదు వందల జీతం (అదీ కాలేజీ యజమానికి మనసు బాగుంటే). తిమ్మాజిపేట దగ్గరి మా పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి, పిల్లలకు చక్రవడ్డీ లెక్కలు చెప్పి, చొక్కా చేతులకు అంటిన సుద్దపొడి దులుపుకుంటూ సాయంత్రం మళ్లీ బస్సెక్కేవాణ్ని. వడ్డీ ఎలా పెరుగుతుందో ఊరందరికీ చెప్పేవాడు తన నెత్తిన పెరుగుతున్న వడ్డీని ఆరు నెలల దాకా చూసుకోలేదు. అదే ఈ కథ. ఇందులో తెలివైన పాత్ర నాది కాదని ముందే మనవి చేస్తున్నాను.

ఆ కార్డు నాకు ఒక బ్యాగు మూలంగా దొరికింది. ఇంటర్ పేపర్లు దిద్దడానికి పాలమూరు వెళ్లినప్పుడు గేటు దగ్గర టై కట్టుకున్న ఒక అబ్బాయి టేబుల్ వేసుకుని కూర్చున్నాడు. ఫారం నింపిన వాళ్లకు ఒక ట్రావెల్ బ్యాగు ఉచితం. నాకు కార్డు అక్కర్లేదు, బ్యాగు కావాలి. ఫారం నింపి బ్యాగు భుజాన వేసుకుని వచ్చేశాను. వారం తిరక్కుండా బ్యాగు జిప్పు ఊడింది, నెల తిరక్కుండా కార్డు వచ్చింది. మెరిసే ఆ ముక్క మీద ఉబ్బెత్తు అక్షరాల్లో నా పేరు! మా వంశంలో ఎవరి పేరూ అంతవరకు అంత గట్టిగా ఎక్కడా అచ్చుపడలేదు. మా అమ్మా నాయినల పేర్లు అచ్చులో కనిపించేది ఓటర్ల లిస్టులోనే, అదీ తప్పుల్తో.

మా అమ్మా నాయిన వలస కూలీలు. పాలమూరు వైపు పల్లెల్లో ఇది కొత్త మాటేమీ కాదు. దసరా సమయానికి గుంపు మేస్త్రి ఊళ్లోకి వస్తాడు, ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు, వాళ్ల రేషన్ కార్డులు తీసుకుని తన దగ్గర పెట్టుకుంటాడు (అడ్వాన్సు తీరకముందే పారిపోకుండా), అందర్నీ లారీ ఎక్కించి బొంబాయి వైపు కట్టడం పనులకు తీసుకుపోతాడు. ఎండలు ముదిరేదాకా అక్కడే. నన్ను అవ్వ దగ్గర వదిలి మా వాళ్లు ఇరవై ఏళ్లుగా అలా వెళ్లి వస్తూనే ఉన్నారు. నేను చదివిన ప్రతి తరగతికీ వెనకాల ఒక బిల్డింగు ఉంది. అందుకే ఆ ఏడు వాళ్లు లారీ ఎక్కుతున్నప్పుడు నేను గొప్పగా ప్రకటించాను. "ఇదే ఆఖరు సీజను నాయినా. వచ్చే దసరాకు మేస్త్రి వస్తే నేను మాట్లాడుత. నాకు జీతమొస్తుంది గద!" నాయిన లారీ కదిలేదాకా నా వంకే చూస్తూ ఉన్నాడు.

ఇంత మాట అన్నవాడు ఆ ఆరు నెలల్లో ఏం చేయాలి? పైసా పైసా కూడబెట్టాలి. నేనేం చేశానంటే, కెమెరా ఉన్న సెల్‌ఫోను కొన్నాను. నల్ల బూట్లు కొన్నాను. అమ్మకు ప్రెషర్ కుక్కరు, నాయినకు ఫ్యాను కొన్నాను (ఊళ్లో కరెంటు ఉండే నాలుగు గంటల కోసం). మా నాగర్‌కర్నూల్‌లో ఆ కార్డు గీకే మిషను నాకు తెలిసి ఒక్క దుకాణంలోనూ లేదు. అప్పు చేయడానికి నేను బస్సు చార్జీలు పెట్టుకుని పాలమూరు వెళ్లేవాణ్ని. ఒకసారి గద్వాలలో ఒక పెద్ద చీరల కొట్టులో మిషను పెట్టారని విని, వనపర్తిలో బస్సు మారి మరీ వెళ్లాను, అమ్మకు పట్టంచు చీర కొందామని. సేటు కార్డు గీకాడు, లైను కలవలేదు. మళ్లీ గీకాడు. కొట్టులో ఉన్న ఆడవాళ్లంతా బేరాలు ఆపి మా చుట్టూ చేరారు. ఒకావిడ "కార్డు తడిసిందేమో, కొంగుతోని తుడువు" అంది. తుడిచారు కూడా. అరగంటకు మిషను కిర్రుమంటూ చీటీ కక్కితే అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను కాలరు సర్దుకుని పద్దెనిమిది వందలకు సంతకం పెట్టాను. కలెక్టరు కూడా అంత దర్జాగా పెట్టి ఉండడు.

నెలనెలా బిల్లు వచ్చేది. అందులో మొత్తం బాకీ ఒక మూల చిన్నగా, కనీసం కట్టాల్సింది మాత్రం ఒక డబ్బాలో పెద్దగా వేసేవారు. నేను ఆ డబ్బాలోది చూసి, దానికి డీడీ తీసి, కొరియర్ చేసి, నిజాయితీపరుడిలా నిద్రపోయేవాణ్ని. వడ్డీ రెండు పాయింట్ తొంభై అయిదు శాతం అని ఉండేది. మా కామర్స్ పుస్తకాల్లో వడ్డీ అంటే ఏడాదికి. అంటే సంవత్సరానికి మూడు శాతం కూడా లేదు! 'పిచ్చి బ్యాంకు, ఎట్లా బతుకుతుందో' అని నేను ఆ బ్యాంకు మీద నిజంగానే జాలిపడ్డాను. కట్టేకొద్దీ బాకీ తగ్గకపోగా పెరుగుతోందని గమనించాక మాత్రం కొంచెం కంగారు పుట్టి, ఒక చార్టు, పన్నెండు రంగుల స్కెచ్ పెన్నులు కొని 'రుణ విముక్తి ప్రణాళిక' రాశాను. ఎర్ర రంగులో టీ మానడం, ఆకుపచ్చలో ఆటో మానడం, నీలంలో సినిమా మానడం. చార్టుకు, పెన్నులకు కలిపి డెబ్బై రూపాయలు అయ్యాయి. ఆ రంగులు చూసి ముచ్చటపడ్డ తోటి లెక్చరర్లకు టీలు ఇప్పిస్తే ఇంకో నలభై.

ఈస్టరుకు వారం ముందు అమ్మా నాయిన బొంబాయి నుంచి వచ్చేశారు. కుక్కరు చూసి అమ్మ మురిసిపోయింది, ఫ్యాను కింద నాయిన కరెంటు పోయినా కాసేపు కూర్చున్నాడు. చీర మాత్రం అమ్మ మడత విప్పి, అంచు తడిమి చూసి, "ఇది గట్టుకొని యాడికి పోవాలెరా, కలుపు తీయనీకా?" అని మళ్లీ మడత పెట్టేసింది. మర్నాడు పొద్దున నేను స్నానం చేస్తుండగా నా ఫోను మోగింది. నాయిన తీశాడు. అవతల బ్యాంకు వాళ్ల అమ్మాయి హిందీలో మొదలుపెట్టింది. నేను దడి వెనక ఒంటి నిండా సబ్బుతో నిలబడి, 'ఏం పర్లేదు, నాయినకు ఏం అర్థమవుతుంది' అని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఇరవై ఏళ్లు బొంబాయిలో బతికిన మనిషికి హిందీ రాదనుకోవడం నా డిగ్రీ నాకు నేర్పిన తెలివి. నాయిన ఎంత చక్కని హిందీ మాట్లాడాడంటే ఆ అమ్మాయి ఆయన్ని పదినిమిషాలు వదల్లేదు. మొత్తం ఎంత, ఎప్పటినుంచి, వడ్డీ ఎంత, ఆలస్యానికి జరిమానా ఎంత, అన్నీ అడిగి తెలుసుకుని, మర్యాదగా సెలవు తీసుకుని, ఫోను జాగ్రత్తగా కిటికీలో పెట్టాడు.

నేను బయటికి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాయిన అరవలేదు. అరిచినా బాగుండేది.

"పందొమ్మిది వేల ఆరు వందలంట" అన్నాడు అమ్మతో, నాతో కాదు. "నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి."

"నెలకు కాదు నాయినా, ఏడాదికి" అన్నాను నేను, తల తుడుచుకుంటూ.

అమ్మ నా వంక విచిత్రంగా చూసింది. "మిత్తి ఎవరన్న ఏడాదికి చెప్తరారా? నెలకే చెప్తరు. మన ఊరి పటేలు గూడ రెండు రూపాయలే తీసుకుంటడు. గా బ్యాంకోడు మూడు గుంజుతుండంటే నీకు తెల్వకపాయెనా? మల్ల పోరగాండ్లకు ఏం చెప్తున్నవ్ కాలేజీల?"

నేను గదిలోకి వెళ్లి బిల్లు తీసి అక్షరం అక్షరం చదివాను. మిరియపు గింజ కన్నా చిన్న అక్షరాల్లో 'నెలకు' అని ఉంది. పుస్తకం చదివినవాడు సంవత్సరం అనుకున్నాడు, పుస్తకం ముట్టని మనిషి ఒక్క చూపు కూడా చూడకుండా నెల అని చెప్పేసింది. నేను తిరిగి వచ్చి కూర్చున్నాక నాయిన నెమ్మదిగా అన్న మాట ఈ రోజుకీ నా చెవిలోనే ఉంది. "మేం అడ్వాన్సు తీసుకుంటే బొంబాయి దాక పోవాలె బిడ్డా. నువ్వు కూసున్న కాడనే పోయినవ్." ఆ తర్వాత అమ్మతో గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్క సీజన్ పోయొస్తనే. నేనొక్కన్నే. తీరిపోతది." "దసరాకు గద మేస్త్రి వచ్చేది? అందాక ఆగు" అంది అమ్మ. నాకు సిగ్గుతో భూమిలోకి పోయినట్టయింది. ఆఖరు సీజను అని డప్పు కొట్టినవాణ్ని నేనే, ఇంకో సీజను తెచ్చి నాయిన నెత్తిన పెట్టినవాణ్నీ నేనే.

నా రంగుల చార్టు చూపించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అంగడికి పోయేటప్పుడు బెల్లం చుట్టుకోవచ్చని పక్కన పెట్టింది. "చూడు బిడ్డా, గిట్ల కాదు. అడ్వాన్సు తీర్చనీకె ఒక్కటే తొవ్వ ఉన్నది. మేస్త్రి ఎట్ల జేస్తడో గట్లనే జేద్దాం. ఇయ్యాల్టి సంది నేను మేస్త్రిని, నువ్వు కూలోనివి. ఆయన మా తాన ఎట్ల వసూలు జేసిండో నాకెరుకే. గది నా ఇరవై ఏండ్ల డిగ్రీ." ఆ పూటే నా కార్డు తీసుకుని తన రేకుపెట్టెలో పడేసి తాళం వేసింది. జీతం కవరు విప్పకుండా ఆమె చేతిలో పెట్టాలి. బస్సు పాసు డబ్బులు ఆమే ఇస్తుంది. నెలకు మూడు వేల రెండు వందలు బ్యాంకుకు పోవాలి (ఇది నేను లెక్క కట్టాను, నా చదువుకు దక్కిన ఏకైక గౌరవం). నాకు వారానికి రెండు వందలు, ఐతారం చర్చి నుంచి వచ్చాక. దాన్నే కూలీలు ఖర్చీ అంటారు. మేస్త్రి చేతి నుంచి వారానికోసారి పడే తిండి డబ్బులు.

ఇరవై ఐదేళ్ల లెక్చరరు ఆదివారం పూట వాకిట్లో నిలబడి ఖర్చీ పుచ్చుకునే దృశ్యం ఊహించుకోండి. అమ్మ మేస్త్రి గొంతుతోనే పిలిచేది, "రా, ఒచ్చి తీసుకో!" అని. మధ్యలో అడిగితే ఒకటే జవాబు. "జరమొస్తే చెప్పు, దవాఖానకు ఇస్త. సోకులకు ఇయ్య." బూట్లకు పాలిష్ సోకు. తల నూనె సోకు కాదు. సెల్‌ఫోన్ రీచార్జి పెద్ద సోకు. నాయిన దూరంగా మంచం మీద కూర్చుని అంతా చూస్తూ, అప్పుడప్పుడు నాకు మాత్రమే కనిపించేలా నవ్వేవాడు. తనను ఇరవై ఏళ్లు ఏలిన కొరడా ఇంట్లో ఇట్లా మంచి పనికి దిగడం ఆయనకు మహా వేడుకగా ఉండేదనుకుంటాను.

కూలీ అన్నాక మేస్త్రిని మోసం చేయకుండా ఉంటాడా? జూలైలో ఒక బుధవారం నాకు రీచార్జికి డబ్బులు లేక, పిల్లల రికార్డు పుస్తకాలకని చెప్పి నూటయాభై అడిగాను. అమ్మ సరేనంది, ఇవ్వలేదు. మర్నాడు అంగడికి నాగర్‌కర్నూల్ వచ్చి, కూరగాయల సంచితో నేరుగా మా స్టాఫ్ రూములోకి వచ్చేసింది. అక్కడ మా ఫిజిక్స్ లెక్చరరు ఒక్కడే ఉన్నాడు. వనపర్తి మనిషి, మేం ఆయన్ని సెంటీమీటర్ సార్ అనేవాళ్లం. కుర్చీ జరపమన్నా 'రెండు సెంటీమీటర్లు జరుపు' అనే రకం. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు, కొలతలో తేడా వస్తుంది.

"సారూ, మా పోరడు రికార్డు బుక్కులకు నూటయాభై కావాలంటుండు. ఖరేనా?" అంది అమ్మ. నేను అప్పుడే క్లాసు ముగించుకుని గుమ్మంలో అడుగు పెట్టాను.

"కామర్స్‌కు రికార్డులేందమ్మా?" అన్నాడు సెంటీమీటర్ సార్ ఎంతో అమాయకంగా. "అవి మాకుంటయ్. ల్యాబులున్నోళ్లకు."

అమ్మ నా వైపు తిరిగింది. నా వెనక మొదటి సంవత్సరం పిల్లలు పదిహేను మంది. "ఖర్చీ అయిపోతే వచ్చే ఐతారం దాక ఆగాలె. లేని పుస్తకాలు తెప్పియ్యొద్దు" అని, సంచిలోంచి రెండు జామకాయలు తీసి సెంటీమీటర్ సార్‌కు ఇచ్చి వెళ్లిపోయింది. నాకు ఇవ్వలేదు. ఆ తర్వాత నెల రోజులు కాలేజీలో ప్యూన్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా "సార్, ఖర్చీ ముట్టిందా?" అని పలకరించనివాడు లేడు.

ఇంకా నవ్వాల్సింది తర్వాత జరిగింది. ఆగస్టు మొదటి ఆదివారం నేను వాకిట్లో ఖర్చీ కోసం నిలబడి ఉండగా సెంటీమీటర్ సార్ మా ఊరి బస్సు దిగి, చేతిలో జీతం కవరుతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆయనకూ కార్డులు ఉన్నాయట. ఒకటి కాదు రెండు. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో కడుతూ, మధ్యలో తను ఎక్కడున్నాడో ఎంత కొలిచినా తేల్చుకోలేక రెండేళ్లుగా తిరుగుతున్నాడట. ఇంట్లో భార్యకు తెలియదు. "అమ్మా, నన్ను గూడ మీ గుంపుల చేర్చుకోండి" అన్నాడు చేతులు కట్టుకుని. అమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, మేస్త్రి అడిగే మొదటి ప్రశ్నే అడిగింది. "పారిపోవు గద?" సార్ తల అడ్డంగా ఊపాడు. "అయితే ముందు నీ పెండ్లానికి చెప్పి రా. ఇంటోళ్లకు తెల్వకుంట వచ్చిన కూలోన్ని ఏ మేస్త్రీ లారీ ఎక్కియ్యడు." ఆయన వారం తర్వాత భార్యను వెంటబెట్టుకునే వచ్చాడు. రెండు కార్డులూ పెట్టెలోకి పోయాయి. అప్పట్నుంచి ఆదివారాలు వాకిట్లో ఇద్దరం వరసలో నిలబడేవాళ్లం. ఫిజిక్సుకు కామర్సు కన్నా వారానికి యాభై ఎక్కువ, పిల్లలున్న మనిషని. నేను అభ్యంతరం చెప్పాను. కూలోళ్లు మేస్త్రిని ప్రశ్నించరాదని అమ్మ తేల్చేసింది.

నెలనెలా బాకీ తగ్గుతూ వచ్చింది. సెప్టెంబరు చివరికి నా వంతు ఇంకో రెండు వేల ఏడు వందల చిల్లర మిగిలింది. ఒక్క జీతం పడితే అయిపోతుంది. సరిగ్గా అప్పుడే మా కాలేజీ యజమానికి మనసు బాగా లేకుండా పోయింది. జీతాలు దసరా సెలవుల తర్వాతే అన్నారు. దసరా దాటితే మేస్త్రి వచ్చి పోతాడు. ఆ వారం ఒక సాయంత్రం చూస్తే, నాయిన అటక మీంచి తన పని సంచి దింపి, తాపీని, గోడ నిలువు చూసే గుండును నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి, "తుప్పు వడుతున్నయ్, ఊకె తుడుస్తున్న" అన్నాడు. తెల్లారి లేచి మొదటి బస్సుకు నాగర్‌కర్నూల్ వెళ్లి, తొమ్మిది వేలకు కొన్న కెమెరా ఫోనును బస్టాండు దగ్గరి దుకాణంలో రెండు వేల ఎనిమిది వందలకు అమ్మేశాను. కొట్టువాడు దాన్ని పట్టుకుని "ఫొటోలేమన్నా ఉన్నయా సార్?" అంటే చూశాను. ఏడాదిలో నేను తీసినవన్నీ నా ఫొటోలే. అన్నిట్లో నల్ల కళ్లద్దాలతో, ఏదో గెలిచినవాడిలా. డీడీ తీశాను, కొరియర్ చేశాను, మిగిలిన చిల్లరతో బస్సెక్కాను.

నేను ఇల్లు చేరేసరికి మేస్త్రి వచ్చి మంచం మీద కూర్చునే ఉన్నాడు. నాయిన మోకాలి మీద నోట్ల కట్ట ఉంది. ఆయన దాన్ని పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. డీడీ రసీదు, కొరియర్ చీటీ రెండూ తీసి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు. కాగితం కాకుండా నా మొహం చదివింది. "తీరిందా?"

"తీరిందమ్మా. మొత్తం."

అమ్మ మంచం దగ్గరకు వెళ్లి, నాయిన మోకాలి మీది కట్ట తీసి, కళ్లకద్దుకుని (డబ్బు మీద ఆమెకు కోపం లేదు) మేస్త్రి చేతిలో పెట్టింది. "ఈసారి మేం రాము, అన్నా. నాక్కూడా ఓ గుంపున్నది. దాన్ని ఒదిలి యాడికి పోవాలె?"

"నీకు గుంపా వదినా?" మేస్త్రి నవ్వాడు. "ఎందరున్నరేంది?"

"ఇద్దరు. ఒకని హిసాబ్ ఇయ్యాల్నే అయింది. ఇంకొకడున్నడు, ఫిజిక్సోడు. ఆనికి ఇంకో ఏడాది వడ్తది."

లారీ మర్నాడు కదిలింది. నాయిన ఊరి చివరి దాకా వెళ్లి అందర్నీ సాగనంపి వచ్చాడు. వచ్చి పని సంచి మళ్లీ అటక మీద పెట్టాడు. ఆ నవంబరు, డిసెంబరు ఊళ్లో దొరికిన పనులు చేశాడు, దొరకని రోజు మేకలు కాశాడు. ఒక పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే వాకిట్లో గొంగడి కప్పుకుని నిలబడి ఉన్నాడు. చేలమీద పొగమంచు దిగి, పక్కింటి గోడ కూడా కనిపించడం లేదు. నోట్లోంచి వచ్చే ఆవిరిని చిన్నపిల్లాడిలా ఊదుకుంటూ చూస్తున్నాడు.

"ఏందిరా ఇది, మన ఊర్ల గింత చలి పెడ్తదా?" అన్నాడు నన్ను చూసి.

"ఏటేటా పెడ్తది నాయినా" అని నేను నవ్వబోయి, సగంలో ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా మా నాయిన తన సొంత ఊరి చలికాలం చూడలేదు. పుట్టి పెరిగిన ఊళ్లో ఏడాదికి సగమే ఆయనకు తెలుసు. మిగతా సగాన్ని అడ్వాన్సు కింద రాసిచ్చేశాడు, నా చదువు కోసం. ఆ నెల జీతంలో అమ్మ నా చేతికి ఇచ్చిన దాంట్లోంచి, వనపర్తి అంగట్లో బేరమాడి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, నాయినకు ఒక స్వెటరు కొన్నాను. ముదురు నీలం. కొంచెం వదులయింది. అయినా ఆయన దాన్ని మార్చి దాకా, ఎండ మాడుస్తున్నా, విప్పలేదు.

ఇప్పటికీ వారానికోసారి ఏదో ఒక బ్యాంకు అమ్మాయి ఫోను చేసి, 'మీకు ఉచితంగా కార్డు ఇస్తున్నాం సార్' అంటుంది. నేను ఓపిగ్గా విని వద్దంటాను. అప్పుడప్పుడు మాత్రం, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తనను తానే ఫొటో తీసుకునే ఆ ఇరవై ఐదేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ని తిట్టాలని ఉండదు నాకు. అంత తెలివితక్కువ పని చేయకపోతే, మా నాయిన మంచులో ఆవిరి ఊదుకుంటున్న ఆ పొద్దు ఖరీదు ఎంతో వాడికి ఎప్పటికీ తెలిసేది కాదేమో. చలికాలం వస్తే నాయిన ఇప్పటికీ అందరికన్నా ముందు లేచి వాకిట్లో నిలబడతాడు. లోపలికి రమ్మని అమ్మ కేకేస్తే, "ఉండవే, జరసేపు చూడనీ" అంటాడు.